రాబోవు తరము చిన్న కంప్యూటరు బోర్డు: పొలమునకు ఏమి కావలెను?

పంపుసెట్టు స్టార్టరు పెట్టెలో సెల్‌ఫోను సిమ్ము అమర్చుకొని, ఇంటి అరుగుమీద కూర్చుండియే మోటారు వేసికొను రైతులు ఇప్పుడు మన పల్లెలలో అరుదు కాదు. అర్ధరాత్రి పామనక, తేలనక బావి వద్దకు నడచిపోవలసిన అవస్థ దానివలన చాలవరకు తగ్గినది. కాని ఆ పెట్టెకు తెలిసిన పనులు రెండే: వేయుట, ఆపుట. మడిలో నీరెంత ఉన్నది, నేల ఎంత ఆరినది, రాత్రి వాన ఎంత కురిసినది అను సంగతులు దానికి తెలియవు. వీటిని కొలిచి, వ్రాసి పెట్టుకొని, లెక్క చూచి, అవసరమైనప్పుడు మాత్రమే మోటారు వేయవలెనన్నచో పెట్టె లోపల ఒక కంప్యూటరు ఉండవలెను.

ఇట్టి పనులకు లోకములో మిక్కిలిగా వాడబడుచున్న చిన్న కంప్యూటర్లలో రాస్ప్‌బెర్రీ పై అనునది ఒకటి. పేకముక్కంత పలకమీద లెక్కలు చేయు చిప్పు, మెమరీ, తెర తగిలించు రంధ్రము, యు.ఎస్.బి. రంధ్రములు, వైఫై అన్నియు ఇమిడియుండును. పలక అంచున 40 సూదులవంటి కాళ్ళు రెండు వరుసలలో నిలబడియుండును. తేమ కొలుచు పుల్ల, వాన కొలుచు పాత్ర, మోటారును వేయు రిలే మొదలగువాటి తీగలు తగిలించునది ఈ కాళ్ళకే. బల్లమీది కంప్యూటరునకు లేనివియు, రైతునకు పనికివచ్చునవియు ఈ కాళ్ళే.

ఈ బోర్డు అయిదవ తరము 2023లో వచ్చినది. దాని తరువాతి తరము ఎట్లుండును, అంతవరకు ఆగవలెనా, ఉన్నదానినే కొనవలెనా అని ఇంజనీరింగు చదువు పిల్లలున్న రైతు కుటుంబములవారు అడుగుచున్నారు. పిల్లలు ఎక్కువ వేగము కావలెనందురు. తండ్రులు ధర ఎంత అందురు. రెండును ముఖ్యమే గాని, పొలములో ఈ బోర్డు ఎక్కడెక్కడ ఓడిపోవుచున్నదో ముందు తెలిసికొన్నచో, రాబోవు దానినుండి ఏమి ఆశింపవలెనో తేటపడును.

వంగడములవలె వచ్చిన తరములు

ఈ బోర్డు పొలము కొరకు పుట్టినది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో కంప్యూటరు శాస్త్రము చదువ వచ్చు విద్యార్థుల సంఖ్యయు, వారికి ముందుగా ఉండవలసిన ప్రోగ్రాము వ్రాత అనుభవమును తగ్గిపోవుచుండుట చూచి, ఎబెన్ అప్టన్ మొదలగువారు పిల్లలు సొంతముగా ఉంచుకొని నేర్చుకొనదగిన చౌక కంప్యూటరు నొకదానిని తలపెట్టిరి. అదే ఊరిలో ఎకార్న్ అను కంపెనీ 1981లో చేసిన బి.బి.సి. మైక్రో ఆ దేశపు బడిపిల్లలకు అట్టి ఉపకారమే చేసియుండెను.

మొదటి బోర్డు 2012 ఫిబ్రవరి 29వ తేదీన అమ్మకమునకు వచ్చినది. వెల 35 డాలర్లు. దాని చిప్పు సెకనుకు 70 కోట్ల మెట్లు నడచును. మెమరీ 256 మెగాబైట్లు. 2014లో కాళ్ళు 26 నుండి 40 అయినవి. 2015లో రెండవ తరము నాలుగు లెక్కింపు భాగములతోను, 1 గిగాబైటు మెమరీతోను వచ్చినది. 2016లో మూడవ తరమునకు వైఫై బోర్డుమీదనే చేరినది. 2019 జూనులో నాలుగవది, 2023 అక్టోబరులో అయిదవది వచ్చినవి. అయిదవ దానిలో ఒక్కొక్క భాగము సెకనుకు 240 కోట్ల మెట్లు నడచును. 2025 జనవరి నుండి 16 గిగాబైట్ల మెమరీగల రకము కూడ వచ్చినది. ఈ వరుస ప్రక్కన పిలకలవంటివి రెండు గలవు. ఒకటి జీరో అను సన్నరకము. 2015లో 5 డాలర్లకు వచ్చినది. రెండవది పికో, 2021లో 4 డాలర్లకు వచ్చినది. పికో పూర్తి కంప్యూటరు కాదు. ఒకే ప్రోగ్రామును తిరుగులేకుండ నడుపు చిన్న నియంత్రణ బోర్డు. దీని సంగతి ముందు వచ్చును.

ధాన్యమునకు దిగుబడి ఎట్టిదో బోర్డునకు వేగము అట్టిది. ప్రతి కొత్త తరమును మొదట దానితోనే కొలుతురు. కాని ఎకరమునకు నాలుగు బస్తాలు ఎక్కువ పండి, కోతకు ముందు గాలివానకు పడిపోవు రకమును మనము ఎన్నాళ్ళు వేయుదుము? బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, సన్నగింజకును అన్నపు రుచికిని పేరు పొందినది. కాని అది బాక్టీరియా ఎండాకు తెగులునకు లొంగును. హైదరాబాదులోని వరి పరిశోధన శాస్త్రజ్ఞులును, సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును కలసి, గింజ గుణము చెడకుండ తెగులును తట్టుకొను మూడు జన్యువులను దానిలో చేర్చిరి. మెరుగుపరచిన సాంబ మసూరి అను పేర అది 2008లో విడుదలయినది. మంచి గుణము నుంచి, బలహీనతను మాత్రము సరిచేసిరి. చిన్న బోర్డు రాబోవు తరమునుండి మనము కోరవలసినది ఇట్టి మెరుగే. దానికి తగిలిన తెగుళ్ళు ఏవో ఇక చూతము.

మొదటి తెగులు: కరెంటు ఆకలి

పొలములో బోర్డు రాత్రింబవళ్ళు మేలుకొనియుండవలెను. త్రీ ఫేజు కరెంటు వచ్చు వేళలు వేరు. బోర్డునకు కావలసిన వేళలు వేరు. కావున బ్యాటరీ, సూర్యరశ్మి పలక తప్పవు. ఎంత బ్యాటరీ కావలెనో కాగితముమీద లెక్క వేసికొనుడు.

నాలుగవ, అయిదవ తరముల బోర్డులు ఏ పనియు చేయక ఊరక ఉన్నప్పుడే సుమారు 3 వాట్లు తినును. రోజునకు 3 × 24 = 72 వాట్ గంటలు. బజారులో దొరకు 12 వోల్టుల, 7 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీలో ఉండునది 84 వాట్ గంటలు. అట్టి బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేసినచో దాని ఆయువు తగ్గును గనుక వాడుకొనదగినది 42. అనగా బోర్డు 14 గంటలు నడచును. సాయంత్రము ఆరు గంటలకు మొదలుపెట్టినచో మరునాటి ఉదయము ఎనిమిదింటికి సరి. మూడు రోజులు ముసురు పట్టినచో 216 వాట్ గంటలు కావలెను. సగమే వాడవలెనను నియమము ప్రకారము 432 గలది ఉండవలెను. అది 36 ఆంపియర్ గంటల బ్యాటరీ. పలక సంగతి చూచినచో, రోజునకు నాలుగు గంటల మంచి ఎండయు, నూటికి 30 వంతుల నష్టమును లెక్కించి 26 వాట్ల పలక బొటాబొటిగా సరిపోవును. ముసురులో తరిగిన దానిని పూడ్చుటకు 40 వాట్లదైన మేలు. 12 వోల్టులను 5 వోల్టులుగా దించుటలో పోవునది వేరు. బోర్డు కంటె దాని తిండి ఖర్చు ఎక్కువగుట మీరు గమనింపవచ్చును. 40 వాట్ల పలకను చేనిలో ఒంటరిగా వదలివచ్చుట ఎంత నిశ్చింతయో మీకే తెలియును.

ఇదే లెక్క పికోకు వేయుడు. అది సుమారు పదవ వంతు వాటుతో నడచును. రోజునకు 2.4 వాట్ గంటలు. అదే చిన్న బ్యాటరీ ఎండ ముఖము చూడకుండ 17 రోజులు లాగును.

మరి పెద్ద బోర్డు నిద్రపోవుట నేర్చుకొనరాదా? అయిదవ తరములో దీనికి ఒక దారి మొదటిసారిగా కనబడినది. దానిమీద గడియారము ఉన్నది. ఫలానా వేళకు లేపుమని దానికి చెప్పవచ్చును. గంటకు అయిదు నిమిషములు మాత్రము మేలుకొని కొలతలు తీసికొని, తిరిగి పడుకొన్నచో రోజునకు రెండు గంటలే పని. నాలుగు వాట్ల చొప్పున 8 వాట్ గంటలు. ముందు చెప్పిన చిన్న బ్యాటరీయే అయిదు రోజులు వచ్చును. అయితే ఒక మెలిక యున్నది. కొన్న అమరికలోనే ఉంచినచో ఈ బోర్డు మూసివేసిన తరువాత కూడ ఒక వాటుకు పైగా పీల్చుచుండును. లోపలి అమరికలో ఒక మాట మార్చినచో అది దాదాపు సున్నకు దిగును. ఈ సంగతి తెలియనివారు బ్యాటరీ అమ్మినవానిని తిట్టుకొందురు.

రాబోవు తరమునుండి మొదటి కోరిక ఇది: కోడికునుకువంటి నిజమైన నిద్ర. పూర్తిగా ఆరిపోయి, మరల అర నిమిషము పట్టి లేచుట కాదు. చేయుచున్న పని మెమరీలోనే ఉంచుకొని కన్నుమూసి, వాన పాత్ర ఒక్కసారి ఒరిగినంతనే లేవగలుగుట. సెల్‌ఫోను ఈ పని ఏనాడో నేర్చినది.

రెండవ తెగులు: హఠాత్తుగా ఆరుట

ఈ బోర్డునకు ప్రోగ్రాములును, వ్రాసికొన్న కొలతలును అన్నియు వ్రేలి గోరంత ఎస్.డి. కార్డుమీదనే ఉండును. కార్డుమీద వ్రాయుచుండగా కరెంటు పోయినచో, సగము వ్రాసిన పుట చినిగినట్లగును. ఒక్కొక్కసారి పుట మాత్రమే కాక పుస్తకమంతయు తెరువరాదు. మేము ప్రదర్శన కొరకు ఒక మడిలో పెట్టిన బోర్డు వైశాఖములో ఒక ఈదురుగాలి సాయంత్రము, కరెంటు మూడుమార్లు వచ్చిపోవుటతో ఇట్లే మూగబోయినది. మూడు వారముల నీటిమట్టము కొలతలు దానితో పోయినవి. ప్రక్కనే గట్టుమీద ఆ మడి రైతు బొగ్గుతో రాతిమీద గీసికొన్న గుర్తులు మాత్రము చెక్కుచెదరలేదు. ఆయన నవ్వలేదు గాని, మాకు సిగ్గయినది.

నేడు దీనికి మందు మూడు విధములుగా వేయవచ్చును. కార్డును చదువుటకే గాని వ్రాయుటకు వీలులేని విధముగా అమర్చు ఏర్పాటు బోర్డు సొంత అమరికలలోనే యున్నది. అప్పుడు కొలతలను వేరే యు.ఎస్.బి. ముక్కమీద వ్రాయవలెను. లేదా కరెంటుకును బోర్డునకును మధ్య బ్యాటరీ ఉంచి, బ్యాటరీ తగ్గుచున్నదని తెలిసిన వెంటనే తానే పద్ధతిగా మూసికొనునట్లు చేయవలెను. అయిదవ తరములో కార్డునకు బదులు గట్టి నిల్వ పరికరమును తగిలించుటకు వేరే దారి యిచ్చిరి. కాని దానికి అదనపు పలక, అదనపు ఖర్చు, అదనపు కరెంటు.

ఫ్యాక్టరీలవారి కొరకు ఇదే కంపెనీ 2014 నుండి చేయుచున్న కంప్యూట్ మాడ్యూలు అను రకములో నిల్వ చిప్పును బోర్డుమీదనే అతికించి యిచ్చుచున్నారు. ఆ సదుపాయమును సామాన్య బోర్డునకు కూడ ఇచ్చినచోను, దానితోపాటు కరెంటు పోయిన తరువాత పది సెకనులు నిలుచునంత చిన్న శక్తి నిల్వను చేర్చినచోను, పల్లెలలో దీని ఆయువు ఎంతో పెరుగును. ఇంకొకటి: నాలుగవ తరము వరకు బోర్డుమీద గడియారమే లేదు. ఇంటర్నెట్టు లేనిచోట కరెంటు పోయి వచ్చినచో అది ఆగినచోటి నుండియే కాలము లెక్కపెట్టును. నాలుగు గంటల వాన రెండు గంటలకు కురిసినట్లు వ్రాయును. అయిదవ దానిలో గడియారము ఉన్నను దాని బొత్తాము బ్యాటరీని విడిగా కొనవలెను. రాబోవు దానిలో అదియు కలిసి వచ్చినచో మేలు.

మూడవ తెగులు: కొలత తెలియకుండుట

ఇది చాలమందికి బోర్డు కొన్న తరువాతనే తెలియును. బోర్డు కాళ్ళకు తెలిసినది ఉన్నది, లేదు అను రెండే. నేల తేమ కొలుచు పుల్ల అట్లు చెప్పదు. తేమ ఎక్కువయినచో ఒక వోల్టు, తగ్గినచో రెండున్నర వోల్టులు, ఇట్లు మెల్లగా ఎక్కుచు దిగుచుండును. దానిని నేరుగా తగిలించినచో నేల తడిగా ఉన్నది, లేదా లేదు అని మాత్రమే తెలియును. ఎంత అన్నది తెలియదు. అందువలన మధ్యలో ఎం.సి.పి. 3008 వంటి చిప్పు నొకదానిని పెట్టి, వోల్టులను 1024 మెట్లుగా విభజించి చదివించుచున్నారు. పికోకు ఈ బాధ లేదు. దాని మూడు కాళ్ళు 4096 మెట్లుగా తామే చదువును. (పుల్ల కొనునప్పుడు రెండు ఇనుప ముండ్లు బయటకు కనబడు రకమును కొనవద్దు. కొలది వారములలో తుప్పు పట్టి తప్పు లెక్క చెప్పును. పైపూత గల కెపాసిటివ్ రకమే తీసికొనుడు.)

చిత్రమేమనగా, అయిదవ తరములో కాళ్ళ పనులు చూచుటకు ఆ కంపెనీవారే రూపొందించిన ఆర్.పి. 1 అను చిప్పులో ఇట్టి కొలత భాగము ఉన్నది. కాని దాని తీగలను ఆ 40 కాళ్ళ వరకు తీసికొని రాలేదు. కాలువ త్రవ్వి, తూము పెట్టుట మరచినట్లున్నది. రాబోవు తరములో రెండు కాళ్ళనైనను దీనికి కేటాయించినచో, వరి పొలములలో ఆరుతడి విధానము పాటించు రైతునకు ఎంతో సులువగును. రంధ్రములు గల గొట్టమును మడిలో పాతి, అందులో నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయిన తరువాతనే తిరిగి నీరు పెట్టుట ఆ విధానము. రోజూ గొట్టములోనికి వంగి చూచుట ఎవరికైనను విసుగే. బోర్డునకు విసుగు లేదు.

కాళ్ళ విషయమున మరియొక జాగ్రత్త. అవి 3.3 వోల్టులకు చేసినవి. బజారులో దొరకు కొలత పరికరములలో అనేకము 5 వోల్టులవి. తెలియక తగిలించినచో కాలు మాడును. ఒక్కొక్కసారి బోర్డే పోవును. ఇదే కంపెనీ 2024లో తెచ్చిన పికో 2లోని ఆర్.పి. 2350 చిప్పులో చాల కాళ్ళు, చిప్పునకు కరెంటు ఉన్నంతసేపు, 5 వోల్టులను తట్టుకొనును. చిన్నదానికి చేసిన మేలు పెద్దదానికి చేయరాదా అని అడుగుట అత్యాశ కాదు.

ఇక 40 కాళ్ళు 2014 నుండి అదే వరుసలో ఉండుట ఈ బోర్డు సుగుణములలో మొదటిది. అప్పటి అదనపు పలకలు చాలవరకు ఇప్పటి బోర్డుమీద కూర్చుండును. అయితే అయిదవ తరములో కాళ్ళను ఆర్.పి. 1కు అప్పగించుటచే, పాత కాళ్ళను నడుపు ఆర్.పి.ఐ. జి.పి.ఐ.ఒ. అను ప్రోగ్రాము దానిమీద పనిచేయకపోయెను. పైకి అదే మొక్క, వేళ్ళు వేరు. దానితో వ్రాసికొన్నవారు తిరిగి వ్రాసికొనవలసి వచ్చినది. రాబోవు దానిలో మరల వేళ్ళు మార్చకుండుట కూడ ఒక కోరికగా చెప్పుకొనవచ్చును.

వేడి, దుమ్ము, దూరము

అయిదవ తరపు చిప్పు 80 డిగ్రీలు దాటినచో తన వేగమును తానే తగ్గించుకొనును. ఎక్కువ పని చేయించినచో ఫ్యాను పెట్టుమని కంపెనీవారే చెప్పుదురు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో ఇనుప పెట్టె లోపల ఎంత వేడి యుండునో చెప్పనక్కరలేదు. ఫ్యాను ఆ వేడిగాలితోపాటు దుమ్మును లోపలికి లాగును. వెచ్చదనమునకు చీమలు, బల్లులు చేరును. వేగములో సగము వదలుకొనియైనను ఫ్యాను లేకుండ నడచు రకము పొలమునకు కావలెను. అంతవరకు పెట్టెను చెట్టునీడన, నేలకు నాలుగడుగుల ఎత్తున, తీగలు క్రిందినుండి లోనికి పోవునట్లు కట్టుడు.

వైఫై ఇంటి గోడలు దాటి కొంతదూరమే పోవును. మోటారు షెడ్డు కిలోమీటరు దూరములో ఉన్నచో దానితో పని లేదు. లోరా అను రేడియో పద్ధతి కొద్ది కరెంటుతో, అడ్డములేని చోట, కిలోమీటర్ల దూరము చిన్న చిన్న వార్తలను పంపగలదు. మన దేశములో 865 నుండి 867 మెగాహెర్ట్జుల మధ్య, నిర్ణయించిన శక్తికి లోబడి, లైసెన్సు లేకుండ దానిని వాడుకొనవచ్చును. నేడు దానికి వేరే పలక కొని తగిలించుకొనవలెను.

కన్ను ఉన్న బోర్డు

వేగము ఎందుకని ఇంతసేపు తీసివేసినట్లు వ్రాసినను, వేగము నిజముగా అక్కరకు వచ్చు పని ఒకటి కలదు. అది కెమెరాతో పురుగులను గుర్తించుట. ప్రత్తిలో గులాబీరంగు పురుగునకు లింగాకర్షక బుట్టలు పెట్టుచున్నాము. బుట్టకు రోజునకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడినచో మందు కొట్టవలసిన స్థితి వచ్చినట్లు. ఈ లెక్క చెప్పుట సులువు. ప్రతి ఉదయము బుట్ట విప్పి లెక్కపెట్టువారు ఎందరు? లెక్కపెట్టకపోవుటచే తొందరపడి మందు కొట్టువారును, ఆలస్యము చేసి పంట పోగొట్టుకొనువారును ఉభయులును నష్టపోవుచున్నారు.

బుట్టలో కెమెరా పెట్టి, తెల్లవారుజామున ఒక బొమ్మ తీసి, అందులోని పురుగులను బోర్డే లెక్కించి, ఒక్క అంకెను మాత్రము ఫోనునకు పంపినచో ఈ బెడద తీరును. బొమ్మలు చూచి గుర్తించు పని వేగముగా చేయు ప్రత్యేక చిప్పును అయిదవ తరమునకు తగిలించు సామగ్రి 2024 జూనులో 70 డాలర్లకు వచ్చినది. అనగా ఆనాటి 4 గిగాబైట్ల బోర్డు వెల 60 డాలర్లు కాగా, కన్ను వెల అంతకంటె ఎక్కువ. ఈ భాగము రాబోవు తరములో లోపలనే ఇమిడి, ధర పెరగకుండ వచ్చినచో అప్పుడు దానిని నిజముగా కొత్త తరమనవచ్చును. అయితే రోజునకు ఒక బొమ్మను లెక్కించుటకు ఆ చిప్పు లేకున్నను ఫరవాలేదు. పాత బోర్డు ఒక నిమిషము ఆలస్యముగా లెక్కించిననేమి, పురుగు ఎక్కడికి పోవును? అసలు కొరత మన చేలలోని పురుగుల బొమ్మలు, సరియైన పేర్లతో, వేలకొలది లేకుండుట. ఏ కంపెనీయు కేంబ్రిడ్జి నుండి వాటిని పంపలేదు.

ధర

2021 నుండి 2023 వరకు చిప్పుల కరవు వలన ఈ బోర్డులు దొరకుటయే కష్టమైనది. 2021 అక్టోబరులో నాలుగవ తరము 2 గిగాబైట్ల రకము వెలను 35 నుండి 45 డాలర్లకు పెంచిరి. మెమరీ చిప్పుల ధరలు పెరిగినందున 2025 డిసెంబరులో మరల పెంచిరి. అదే సమయమున అయిదవ తరములో 1 గిగాబైటు రకమును 45 డాలర్లకు విడుదల చేసిరి. రైతునకు పనికివచ్చు వార్త ఈ చివరిదే. నీరు కొలిచి, మోటారు వేయు పనికి 1 గిగాబైటు మెమరీ కావలసినదానికంటె ఎక్కువే. 16 గిగాబైట్ల రకము కొనుట అరయెకరపు మడికి హార్వెస్టరు కొన్నట్లు. రాబోవు తరములో చిన్న మెమరీ రకమును చివర కాక మొదటనే విడుదల చేయవలెనని కోరుకొందము.

ఆగవలెనా?

తరములు వచ్చిన వ్యవధి చూడుడు: మూడు సంవత్సరములు, ఒక సంవత్సరము, మూడు సంవత్సరముల నాలుగు నెలలు, నాలుగు సంవత్సరముల నాలుగు నెలలు. ఇందులో పంచాంగము వ్రాయదగిన క్రమము లేదు. అయిదవ తరమును కనీసము 2035 వరకు తయారుచేయుచుందుమని కంపెనీవారు మాట ఇచ్చియున్నారు. కొత్తది వచ్చినంతమాత్రమున నేడు కొన్నది మూలబడదు. కావున ఆగవద్దు. కాని ఒకే బోర్డుతో అన్ని పనులు చేయింపవద్దు.

పొలములో పికో వంటి చిన్న బోర్డును ఉంచుడు. అది కొలత తెలిసినది, కరెంటు తక్కువ తినునది, ఎస్.డి. కార్డు లేనిది, ఆరి వెలిగినను ఒక్క క్షణములో తన పనిలో పడునది. ఇంటిలో, ఫ్యాను గాలి క్రింద, పెద్ద బోర్డు నుంచుడు. పొలమునుండి వచ్చు అంకెలను అది వ్రాసిపెట్టుకొని లెక్క చూచును. ఇంటిలో పాత మూడవ తరము బోర్డు ఉన్నచో అదే చాలును. రేపు కొత్త తరము వచ్చినచో ఇంటిలోని దానిని మాత్రము మార్చుకొనవచ్చును. పొలములోని తీగలు కదపనక్కరలేదు.

మోటారు సంగతి మాత్రము పిల్లలకు వదలిపెట్టకుడు. త్రీ ఫేజు కరెంటు 415 వోల్టులు. బోర్డు కాలినిగాని, చిన్న రిలేనుగాని మోటారు తీగలకు తగిలింపరాదు. బోర్డు రిలేను, రిలే స్టార్టరులోని కాంటాక్టరు చుట్టను నడుపవలెను. ఆ కలుపు పని లైసెన్సుగల ఎలక్ట్రీషియను చేయవలెను. స్టార్టరు ప్రక్కన చేతితో త్రిప్పు స్విచ్చి నొకదానిని తప్పక పెట్టించుడు. అది ఆపియున్నంతసేపు బోర్డు ఏమి చెప్పినను మోటారు తిరుగరాదు. మనుష్యుడు వేయు మోటారు ఎప్పుడు తిరుగునో ప్రక్కనున్న మనుష్యునికి తెలియును. బోర్డు వేయు మోటారు, మీరు ఫుట్‌వాల్వు బాగుచేయుటకు బావిలో దిగినప్పుడు కూడ, నేల ఆరినదని చెప్పి తిరుగగలదు. బావిలో దిగుటకు ముందు ఆ స్విచ్చిని ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసికొని దిగుడు.

పనిని గొట్టముతో మొదలుపెట్టుడు. మడిలో ఒక మూలను పాతి, పదిహేను రోజులు ఉదయము సాయంత్రము నీటిమట్టము చేతితో కొలిచి నోటుపుస్తకములో వ్రాసికొనుడు. తరువాత పికోను పెట్టి మరి పదిహేను రోజులు రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాయుడు. రెంటికిని రెండు సెంటీమీటర్లకు మించి తేడా వచ్చినచో బోర్డును కాక, గొట్టములో ఒండ్రు చేరినదేమో ముందుగా చూడుడు.